పదిహేడో సంచి

కోనసీమలో కుక్కని అదిలించడానికి రాయి దొరకదు. మట్టిగడ్డతో సరిపెట్టుకోవాలి, అది చేతిలోనే సగం రాలిపోతుంది. రోలూ, సన్నికల్లూ, నూతి దగ్గర బట్టలుతికే బండా అన్నీ పై ఊళ్ళ నుంచి పడవల మీదా లారీల మీదా వచ్చినవే. అలాంటి నేల మీద, రాజోలు దగ్గర ఒక పల్లెలో పుట్టి, ముప్ఫై నాలుగేళ్ళు రాళ్ళూ స్ఫటికాలూ చూసి జీతం తీసుకున్నదాన్ని నేను. కాలేజీలో జియాలజీ తీసుకున్నానని చెప్పినప్పుడు మా నాయనమ్మ, "మన దగ్గర లేని వస్తువు గురించి చదువుకోడం ఎందుకే?" అంది. మా నాన్నగారు మిషను స్కూల్లో టీచరు. "లేదు కాబట్టే చదవాలి" అన్నారాయన. ఇద్దరి మాటా ఇప్పటికీ నాకు సబబుగానే అనిపిస్తుంది.

రిటైరై అమలాపురంలో ఉంటున్నాను. జియాలజీ చదివే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. "మీ సర్వీసులో గొప్పగా కనిపెట్టినదేంటి మేడం?" అని అడుగుతారు. టీ ఇచ్చి, ఏవో రెండు మూడు చెప్పి పంపిస్తుంటాను. నిజానికి నాకు బాగా గుర్తుండిపోయింది నేను కనిపెట్టినది కాదు, నా కళ్ళ ముందు పెట్టినా చూడలేకపోయినది. అది ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి ఒకరి అనుమతి కావాలి. అది పోయిన నెలే దొరికింది, పేర్లు రాయకూడదన్న షరతుతో. కాబట్టి ఎవరి పేరూ ఉండదు. నా పేరు కూడా లేకపోతే నాకే మంచిది.

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పుడు మా ఆఫీసు విశాఖపట్నంలో. తీరం పొడుగునా ఇసకలో ఏయే ఖనిజాలున్నాయి, అవి ఎక్కడ పుట్టి ఎలా వచ్చాయి అని తేల్చడం మా పని. ఇసకని ఒక బరువైన ద్రవంలో పోస్తే తేలికవి తేలతాయి, బరువైనవి మునుగుతాయి. మునిగినవాటిని కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్క రేణువూ చూడాలి. రోజుకి కొన్ని వందలు. మెడ పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి, ఇంటికెళ్ళి బియ్యం ఏరుతున్నా అవే కనిపిస్తాయి.

అందులో నాకు ఇష్టమైంది గార్నెట్. దానిమ్మగింజ రంగులో ఉండే స్ఫటికం. తూర్పు కనుమల రాళ్ళలో, భూమి లోతుల్లో, వేడికీ ఒత్తిడికీ పుడుతుంది. వానలకి కొండ అరిగి ఏట్లో పడి, శబరితో పాటు గోదారిలో కలిసి, పాపికొండలు దాటి, లంకల పక్కనుంచి జారి సముద్రం ఒడ్డుకి చేరుతుంది. బయల్దేరినప్పుడు దాని అంచులు పదునుగా ఉంటాయి. దారి పొడుగునా తగిలిన దెబ్బలకీ, ఒడ్డున అలలు ఆడించిన ఆటకీ అంచులు అరిగిపోతాయి. అంచు చూసి అది ఎంత దూరం వచ్చిందో చెప్పేయచ్చు. ట్రైనింగుకి వచ్చిన పిల్లలకి మొదటిరోజే ఒక మాట చెప్పేదాన్ని, "మనుషులు చెప్పింది రాసుకోండి, స్ఫటికం చెప్పింది నమ్మండి" అని. నా మాట నాకే బాగుందనిపించి గోడ మీద కూడా రాయించాను.

మా దగ్గర ఇసక శాంపిళ్ళు తీసుకొచ్చే ఫీల్డ్ అటెండెంటు ఒకాయన ఉండేవారు. కాట్రేనికోన వైపు మనిషి. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఆఫీసంతా ఆయన్ని బాబాయిగారనే పిలిచేది, నేనూ అంతే. ఆయన నన్ను మేడంగారూ అనేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బురదలో మోకాలి దాకా దిగబడిపోయి ఏడుపు మొహం పెట్టినప్పుడు, కాలు ముందుకి కాదు పక్కకి తిప్పి లాగాలని నేర్పింది ఆయనే. ఆటుపోట్లు ఆయనకి కేలెండరు అక్కర్లేకుండా తెలుసు. గుంట తవ్వి, ఇసక తీసి, గుడ్డసంచిలో పోసి, లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ కట్టేవారు. ఆ ముడి వలలు అల్లేవాళ్ళు వేసే ముడి, ఎంత ఊపినా ఊడదు, కొస పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. మేం మ్యాపు మీద చుక్క పెట్టిన చోటే తీసేవారు. రెండడుగులు అవతల నేల మెత్తగా ఉన్నా సరే, చుక్క దగ్గర నీళ్ళున్నా సరే. "చెప్పిన కాడ తియ్యాలండి, నచ్చిన కాడ కాదు" అనేవారు.

ఇంకో అలవాటు ఉండేది. తీసిన ఇసక చిటికెడు నాలిక మీద వేసుకుని, ముందు పళ్ళతో మెల్లిగా నొక్కి చూసేవారు. "ఇది గోదారి ఇసకండి, ఇది సముద్రం తిరగేసిందండి" అని చెప్పి ఉమ్మేసేవారు. ఎక్కువసార్లు సరిపోయేది. మేం నవ్వేవాళ్ళం.

దేనికైనా ఆయన జవాబు 'ఆయ్'. మా వైపు ఆ ఒక్కమాటలో అవునూ, సరే, విన్నాను, అలాగే కానివ్వండి అన్నీ ఉంటాయి. సోమవారం సోమవారం ఊరి నుంచి వస్తూ నాకు ఎండురొయ్యల పొడి తెచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి వెళ్ళేవారు.

ఆ ఏడాది కాట్రేనికోన తీరంలో శాంపిళ్ళు తీశాం. నేను ఒక వైపు, ఆయన ఒక వైపు పంచుకున్నాం. ఒక్క పదిహేడో నంబరు చుక్క మాత్రం నదీ సముద్రమూ కలిసే చోట, మత్స్యకారుల పల్లె దాటాక ఉన్న ఇసక తిప్ప మీద పడింది. అక్కడికి జీపు పోదు. ఆయన ఒక్కరే వెళ్ళి తెచ్చారు.

సంచులన్నీ లాబుకి చేరిన రోజు, ఆయన పదిహేడోది విడిగా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"మేడంగారూ, ఇది కొంచెం చూడండి. నాలికకి గుచ్చుకుంటందండి. మన ఇసక అలా గుచ్చుకోదండి."

నేనేదో రిపోర్టు రాసుకుంటున్నాను. తల ఎత్తలేదు. "మైక్రోస్కోపు ఉంది కదా బాబాయిగారూ, మీ నాలిక అరగ్గొట్టుకోడం దేనికి?" అన్నాను. పక్క బల్లల వాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వి, "ఆయ్" అని, సంచి బల్ల కింద పెట్టి వెళ్ళిపోయారు. నేను ఆ మాట ఆ నిమిషమే మర్చిపోయాను.

నెల రోజుల తరవాత పదిహేడో సంచి వంతు వచ్చింది. మైక్రోస్కోపులో చూసేసరికి ఒళ్ళు ఝల్లుమంది. గార్నెట్లన్నీ పగిలిన గాజుముక్కల్లా ఉన్నాయి. అంచులు పదును, ముఖాలు తాజా. గోదారి మీద అంత దూరం వచ్చి, సముద్రంలో పొర్లిన స్ఫటికం అలా ఉండదు, ఉండడానికి వీల్లేదు. కొండ దగ్గరే ఏట్లోంచి తీసినట్టున్నాయి.

ముందు సంబరపడ్డాను, అబద్ధం ఎందుకు. ఇసక కింద మనకి తెలియని రాయేదైనా ఉందేమో, కోనసీమలో రాయి కనిపెట్టినదాన్ని అయిపోతానేమో అనుకున్నాను. ఆ రాత్రి మా నాయనమ్మకి మనసులోనే జవాబు కూడా చెప్పుకున్నాను. తెల్లారేసరికి బుర్ర చల్లబడింది. ఆ లోతుల్లో ఉన్నదంతా మట్టీ ఇసకే అని ఎప్పుడో తేలిపోయింది. మరి ఇవి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు రెండు నెలల ముందు మేం కొండ ఏళ్ళలో శాంపిళ్ళు తీశాం. మిగిలిన ఇసక స్టోర్లో మూలన బస్తాల్లో ఉంది. తాళంచెవి బాబాయిగారి దగ్గరే. ఆయనకి మోకాలు వాచి కుంటుతున్న రోజులవి. మా జీపు డ్రైవర్ని పిలిచి తిప్ప శాంపిలు తీసిన రోజు సంగతి అడిగితే, "ఆ రోజు పన్నెండింటికే కాట్రేనికోన సెంటర్లో టీ తాగుతున్నారండి. నేను చూసేను" అన్నాడు. తిప్పకి వెళ్ళి రావడానికి రోజంతా పడుతుందని నేనే ప్రోగ్రాంలో రాశాను. అంతే, అన్నీ టకటకా అతుక్కున్నాయి. నడవలేక మనిషి తిప్పకి వెళ్ళలేదు, స్టోర్లో ఉన్న కొండ ఇసక సంచిలో పోసేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు కూర్చున్నాను ఇంక.

ఆయన్ని పిలిచి అడిగాను. అడగడం కూడా బాగా అడగలేదు. "ఈ ఇసక ఎక్కడిది?" అన్నాను, దొంగతనం పట్టుకున్న స్కూలు టీచరులా.

"తిప్ప మీదదేనండి. చుక్క కాడే తీసేనండి."

"మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఎలా ఉన్నారు?"

"పని అయిపోయిందండి."

ఇంకేమైనా చెబుతారేమోనని చూశాను. ఏమీ చెప్పలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాకు ఆ మౌనం తప్పు ఒప్పుకున్నట్టే కనిపించింది.

ఆ మధ్యాహ్నమే డైరెక్టరుగారికి నోటు పెట్టాను. నాలుగు పేరాలు, ఫోటోలతో సహా. ఇరవై ఏళ్ళుగా బాబాయిగారని పిలిచిన మనిషిని మొదటిసారి పేరూ హోదాతో రాశాను. డైరెక్టరుగారు నెమ్మదస్తులు. "నాలుగు నెలల్లో రిటైరైపోతున్నాడు కదమ్మా. విచారణ మొదలైతే పింఛను ఆగుతుంది, రిటైర్మెంటు సవ్యంగా జరగదు. వదిలేద్దామా?" అన్నారు. "కుదరదండి, రేపు ఇంకొకరు చేస్తారు" అన్నాను. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. సర్కారు కాగితం మీద కలం జారితే ఏమవుతుందో ఎవరూ సామెత కట్టలేదు, కట్టాల్సింది.

మెమో వెళ్ళింది. ఆయన గుమాస్తా చేత రాయించి జవాబిచ్చారు. శాంపిలు చూపించిన చోటే తీశాను అని ఒకే ఒక్క వాక్యం. విచారణకి తారీఖు వెయ్యడమే మిగిలింది.

సోమవారం వచ్చింది. ఎండురొయ్యల పొడి యథాప్రకారం నా బల్ల మీద ఉంది. కాకా పడుతున్నారనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఒకరోజు క్యాంటీన్లో అన్నం తింటుంటే పంటి కింద రాయి పడింది. చిన్నదే. అయినా పుర్రె దాకా జివ్వుమంది. ఉమ్మేసి నీళ్ళు తాగుతుంటే, "నాలికకి గుచ్చుకుంటందండి" అన్న మాట ఎక్కణ్ణుంచో వచ్చి చెవిలో పడింది.

గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. దొంగ ఇసక పోసిన మనిషి, అదే సంచి నా దగ్గరికి తెచ్చి, ఇందులో ఏదో తేడా ఉంది చూడండి అంటాడా?

చెయ్యి కడుక్కుని నేరుగా లాబుకి వెళ్ళాను. పదిహేడో సంచి ఇసక మళ్ళీ పళ్ళెంలో పోశాను. ఈసారి ఎర్రవి పక్కకి నెట్టి మిగతావి చూశాను. క్వార్ట్జు రేణువులు గుండ్రంగా ఉన్నాయి. నల్లటి ఖనిజ రేణువుల అంచులు అరిగిపోయి ఉన్నాయి. సన్నటి గవ్వముక్కలు కూడా ఉన్నాయి. కొండ ఏట్లో గవ్వలెక్కడివి? ఇది నూటికి నూరుపాళ్ళూ సముద్రం ఒడ్డు ఇసక. గార్నెట్లు మాత్రమే పైనుంచి వచ్చి కలిశాయి. పైగా అవన్నీ ఒకే సైజు, ఎవరో జల్లెడ పట్టినట్టు. మొదటిసారి చూసినప్పుడూ నల్లవి పళ్ళెంలోనే ఉన్నాయి, ద్రవంలో తేలినవి పక్కనే ఉన్నాయి. నేను నాకిష్టమైనవాటినే చూశాను.

స్ఫటికం అబద్ధం చెప్పలేదు. నేను దాన్ని సగమే మాట్లాడనిచ్చాను.

ఆయన తిప్పకి వెళ్ళారని నాకు తెలిసిపోయింది. కానీ నేను పెట్టిన నోటు చెరిగిపోవాలంటే 'నాకు తెలిసిపోయింది' అంటే సరిపోదు. ఆ పదును గార్నెట్లు అక్కడికెలా వచ్చాయో చూపించాలి. రెండోరోజు ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. ఎందుకని ఆయన అడగలేదు. నా సంచి కూడా ఆయనే పట్టుకున్నారు.

దారిలో ఆయన ఇంట్లో ఆగాం. వాళ్ళావిడ, నేను పిన్నిగారనేదాన్ని, టిఫిను పెట్టారు. ఆయన పెరట్లోకి వెళ్ళినప్పుడు, నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి చెప్పారు.

"మీరు ఏమనుకోకండమ్మా. మూడు ఆదివారాల్నుంచి ఈయన గుళ్ళో కానుకల సంచి పట్టుకోటం లేదు. పద్దెనిమిదేళ్ళ నుంచీ ఈయనే తిప్పేవోరు. ఎవరూ ఒద్దనలేదమ్మా. ఆఫీసు సంగతి తేలేదాకా ఇది నా చేతిలో ఉండకూడదని ఈయనే పక్కోళ్ళకి ఇచ్చేసేరు."

ఆ వీధిలో సర్కారు ఉద్యోగం చేసిన మొదటి మనిషి ఆయన. వాళ్ళ నాన్న కూలికి వెళ్ళినవాడు, మా తాతలాగే. చర్చిలో ఒక మనిషి చేతికి నలుగురూ కానుకల సంచి ఇచ్చి తిరిగి లెక్క అడక్కపోవడమంటే మా వాళ్ళలో ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నేను పోగొట్టింది ఆయన పింఛను కాగితం ఒక్కటే కాదు.

పల్లెలో ఒక పడవ మాట్లాడుకుని తిప్ప మీదికి వెళ్ళాం. ఆయన పడవలో కూర్చున్నాక మొదటిసారి తనంతట తాను ఒక మాట చెప్పారు. ఆ రోజు ఆటు తెల్లవారుజామునే వచ్చిందట. వేటకెళ్ళే పడవ ఎక్కి తిప్ప మీద దిగి, వెలుగొచ్చేసరికి ఇసక తీసేసి, పోటు ఎక్కే లోపల తిరిగొచ్చేశారట. "రోడ్డు మీంచి వెళ్ళి నడిస్తేనేనండి రోజంతా" అన్నారు. నా ప్రోగ్రాంలో రాసింది రోడ్డు లెక్క.

చుక్క పడిన చోటు ఆయన నేరుగా చూపించారు, దూరాన సరుగుడు చెట్ల వరస గురుతుగా. తవ్వాం. పళ్ళెంలో కడిగి భూతద్దం పెట్టి చూశాను. గుండ్రటివే. మళ్ళీ తవ్వాం. గుండ్రటివే. పదునైనది ఒక్కటీ లేదు. నాలుగు గుంటలు తవ్వేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకుని ఇసకలో కూలబడ్డారు. "ఇక్కడేనండి మేడంగారూ" అన్నారు. ఆ గొంతులో అంతకుముందెప్పుడూ లేని వణుకు ఉంది. ఆయన్ని నిరపరాధిగా నిలబెడదామని తీసుకొచ్చి, ఉన్న ఒక్క ఆసరా కూడా లాగేస్తున్నానా అనిపించింది.

చేపలు ఎండబెట్టుకునే ఒకామె బుట్ట నెత్తిన పెట్టుకుని పోతూ మమ్మల్ని చూసి ఆగింది.

"ఏటండి ఎతుకుతున్నారు?"

"ఇక్కడ ఇసక ఎర్రగా ఉండేదమ్మా కొన్నాళ్ళ కిందట" అన్నారు బాబాయిగారు.

"ఆ ఎర్రిసకా అండి? అదింకెక్కడుందండి, మేవందరం తోడేసుకున్నాం కదండి, మిగిలింది సముద్రం లాక్కుపోయిందండి."

"దేనికి?" అన్నాను.

"గిన్నెలు తోముకోటానికండి. ఎంత మాడిన అడుగైనా రెండు రుద్దులకి వదిలిపోద్దండి. రండి చూపిత్తాను."

వాళ్ళ ఇంటి దగ్గర దడి కర్రలకి బోర్లించిన సత్తు గిన్నెలు కళ్ళు చెదిరేటట్టు మెరుస్తున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కోదాని మీదా సన్నటి గీతలు. పక్కన పగిలిన బకెట్లో సగానికి ఎర్రటి ఇసక. ఎక్కడిదని అడిగితే, పోయినేడు ఇనప పైపులకి తుప్పు వదిలించడానికి ఎవరో కాంట్రాక్టు మనుషులు వచ్చి మిషనుతో ఈ ఇసకని పైపుల మీదికి కొట్టించారని, మిగిలిన బస్తాలు ఒడ్డున పారేసి పోయారని, అవి పగిలి సముద్రం తిప్పంతా పరిచిందని చెప్పింది. ఒక ఖాళీ బస్తా ఆమె కోళ్ళగూటికి తలుపుగా వేలాడుతోంది. ఎండకి వెలిసిపోయినా దాని మీద గార్నెట్ అన్న ఇంగ్లీషు మాట, కింద జల్లెడ సైజూ ఇంకా కనబడుతున్నాయి.

ఎక్కడో కొండరాయిని మరలో పగలగొట్టి, జల్లెడ పట్టి, బస్తాల్లో నింపిన గార్నెట్. అందుకే అంచు అరగలేదు, అందుకే ఒకే సైజు. నేను శబరి అనీ పాపికొండలనీ ఏవేవో దారులు గీసుకుంటూ కూర్చున్నాను. అది లారీలో వచ్చింది.

బకెట్లోంచి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాను. అన్నేళ్ళ సర్వీసులో అదే మొదటిసారి. పళ్ళతో నొక్కాను.

బాబాయిగారు నా మొహంలోకి చూస్తున్నారు. "గుచ్చుకుంటందాండి?"

"గుచ్చుకుంటోంది బాబాయిగారూ" అన్నాను. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. ఆ పల్లె ఆమె కంగారుపడి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది, ఇసకేదో గొంతులోకి పోయిందనుకుని.

తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద ఆయన్ని ఆపి, "నన్ను క్షమించండి" అన్నాను. ఆయన నీళ్ళ వైపు చూస్తూ, "పోటు ఎక్కుతందండి, బయల్దేరదాం" అన్నారు. పడవ ఎక్కేటప్పుడు చెయ్యందించారు.

కోళ్ళగూటి బస్తా ఆమెని బతిమాలి తెచ్చుకున్నాను, బదులుగా నా గొడుగు ఇచ్చి. దాన్ని జత చేసి డైరెక్టరుగారికి రెండో నోటు పెట్టాను. శాంపిలు సరైన చోటే తీశారు, నిర్ధారణలో లోపం నాది అని. డైరెక్టరుగారు చదివి, "సాక్ష్యం చాలలేదని మూసేద్దామమ్మా. నీ తప్పని రాయడం ఎందుకు? పై పోస్టుకి నీ పేరు వెళ్ళి ఉంది. వదిలేద్దామా?" అన్నారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను వదలలేదు. రెండోసారి ఎలా వదులుతాను? సాక్ష్యం చాలలేదంటే ఆయన దొంగే గాని దొరకలేదని అర్థం. "ఉన్నదున్నట్టు వెళ్ళాలండి" అన్నాను. ఆ పోస్టు నాకు రాలేదు. దీనివల్లే రాలేదని చెప్పను, నాకన్నా బాగా పనిచేసే ఆవిడకే వచ్చింది. గోడ మీద రాయించిన మాట మాత్రం నేనే సున్నం కొట్టించేశాను.

మెమో రద్దయిన కాగితం ఇంగ్లీషులో ఉంది. దాని కిందే అదే సంగతి నేను తెలుగులో రాసి సంతకం పెట్టి, శనివారం స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. మర్నాడు వాళ్ళ గుళ్ళోనే ఆరాధనకి కూర్చున్నాను. కానుకల పాట మొదలైనప్పుడు పాస్టరుగారు సంచి తీసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, నేరుగా బాబాయిగారి చేతిలో పెట్టారు. ఆయన ఒక్క నిమిషం దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. తరవాత కుంటుకుంటూ వరసలన్నీ తిరిగారు. నా వరస దగ్గరికి వచ్చినప్పుడు ఆయన తల దించుకోలేదు. నేను దించుకున్నాను.

అనుకున్న నెలలోనే దండలతో, ఫోటోలతో రిటైరయ్యారు. అంతా సవ్యంగానే జరిగింది. కానీ నాకు ఒక ముల్లు మిగిలిపోయింది. నా రెండో నోటులో నిర్ధారణలో లోపం అని రాశాను. చక్కటి ఆఫీసు మాట. ఎక్కడా ఎవరికీ గుచ్చుకోదు. ఒక మనిషి ముందే హెచ్చరించాడని, నేను తల కూడా ఎత్తకుండా నలుగురి ముందూ నవ్వులాట చేశానని మాత్రం అందులో రాయలేదు. అంత నిజాయితీ చూపించేశానని పొంగిపోయినదాన్ని, ఆ ఒక్క వాక్యం మింగేశాను.

పోయిన నెల ఆయన్ని చూడడానికి కాట్రేనికోన వైపు వెళ్ళాను. కళ్ళు బాగా మందగించాయి, మనిషి నిటారుగానే ఉన్నారు. పిన్నిగారు సత్తు గిన్నెలో టీ కాచి తెచ్చారు. ఆ రోజు పల్లెలో ఆమె బాబాయిగారితో మూట కట్టి పంపిన ఎర్రిసక ఇంకా కొంచెం మిగిలిందని చెప్పి నవ్వారు. ఇదంతా రాయాలనుకుంటున్నానని చెప్పాను. "రాసుకోండి, పేర్లొద్దు" అన్నారాయన. అప్పుడు పన్నెండేళ్ళుగా అడగాలనుకున్నది అడిగాను.

"బాబాయిగారూ, ఆ సంచి ఇచ్చిన రోజే మీరు నాతో చెప్పారు కదా, నాలికకి గుచ్చుకుంటోందని. పక్క బల్లల వాళ్ళు కూడా విన్నారు. మెమోకి జవాబులో ఆ ఒక్క ముక్క రాస్తే మీ మీద మచ్చే ఉండేది కాదు. ఎందుకు రాయలేదు?"

ఆయన టీ గ్లాసు తడుముకుని కింద పెట్టారు.

"నేను చెప్పేనని రాస్తే, మీరు వినలేదని కూడా రాయాలి కదండి" అన్నారు.

కానుకల సంచి చేతిలోంచి పోతున్నా, పింఛను ఆగిపోతుందని తెలిసినా, ఆయన ఆ వాక్యం కాగితం మీద పెట్టలేదు. అది నా మీదికి వస్తుందని. నేను ఆయన మీద నాలుగు పేరాలు రాసిన వారంలోనే.

"అయితే నేను రాస్తానండి" అన్నాను.

"ఆయ్" అన్నారు బాబాయిగారు.

అందుకే రాస్తున్నాను. పదిహేడో సంచి నా చేతికిచ్చిన రోజునే, అందులో తేడా ఉందని ఆయన నాకు చెప్పారు. నేను వినలేదు.